రసపురికి అంటని పురుగు

"ఆ రసపురి మామిడికి కూడా పురుగు పట్టిందేమో, ఇంకొకసారి బాగా చూడప్పా," అంది అక్కమ్మ పశువుల కొట్టం గుమ్మంలోంచి.

మైసూరు సర్కారు తోటల అధికారి శ్యామసుందరరావు భూతద్దం మళ్ళీ కొమ్మకు ఆనించాడు. చింతామణి ఊరి దాపున, కొట్టాన్ని ఆనుకుని ఉన్న ఆ మామిడితోటలో మల్గోవా చెట్లన్నీ కుదేలయ్యాయి. కొమ్మలనిండా పొలుసు పురుగు, ఆకులమీద జిగురు, జిగురుమీద మసి. పూత నిలవలేదు.

ముట్టు రోజుల్లో తోటలోకి పోయానని కోడలు అక్కమ్మ తానే అత్తముందు ఒప్పుకుంది. ఇంకేముంది, తోటకు మైల తగిలిందని ఇల్లంతా ఒక్క మాటైంది. చెట్లు తేరుకునేదాకా ఆమె ఇల్లు తొక్కకూడదు, మొగుడి దాపుకు పోకూడదు. ఉగాది నుంచి కొట్టంలోని చీకటిగదే ఆమెకు లోకం. కూడు కూడా గుమ్మం బయటే పెట్టి పోతారు, కుక్కకు పెట్టినట్టు.

"సుఖంగా కూచున్నావులే," అని అత్త యశోదమ్మ దెప్పింది. "పనీపాటా లేక గాజొక్కటీ పగల్లేదు. ముందైతే నెలనెలా గాజులామెను పిలిపించాల్సొచ్చేది."

అక్కమ్మ గాజులను కొంగుతో కప్పుకుంది.

"ఏమ్మా, ఆ పొద్దు యాడ తిరిగినావు?" అని అధికారి అడిగాడు.

"అన్ని చెట్ల కిందా తిరిగినానప్పా."

"రసపురి కింద కూడానా?"

అక్కమ్మ తడబడింది. "ఊ."

అధికారి నవ్వాడు. "విన్నారా యశోదమ్మా? ఈ రెండు చెట్ల కొమ్మలూ ఒకదాంట్లో ఒకటి దూరి ఉండాయి. మల్గోవా నిండా పురుగు, రసపురికి ఒక్కటీ లేదు. మైలే అయితే రెండిటికీ తగలాల గదా? ఇది చెట్టు జాతిని బట్టి ఉంటాది. ఈ పురుగుకు మల్గోవా అంటే ప్రాణం, రసపురి గిట్టదు. చేపనూనె సబ్బు నీళ్ళు కొట్టించండి, పోతాది. పాపం, ఈ బిడ్డను ఊరికే మూలన పడేసినారు."

"కాదప్పా!" అక్కమ్మ గబుక్కున అంది. "నావల్లే అయ్యుంటాది. చెట్లు బాగయ్యేదాకా నేను ఈడే ఉంటాను."

అధికారికి కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి పిల్లనా వీళ్ళు ఇట్లా ఏడిపించింది అనుకున్నాడు. యశోదమ్మ మనసూ కరిగింది.

"మాదే తప్పు తల్లీ. ఇంక నీకు ఈ చెర వద్దు," అని కొడుకును కేకేసింది. "ఒరే మునికృష్ణా, పెండ్లాన్ని ఇంట్లోకి పిలుచుకుపోరా!"

మునికృష్ణప్ప వచ్చి అక్కమ్మ మణికట్టు పట్టుకున్నాడు. ఒక సంసారం నిలబెట్టానని అధికారి తృప్తిగా టోపీ పెట్టుకున్నాడు.

"నడువ్," అన్నాడు మునికృష్ణప్ప ఆమెకు మాత్రమే వినబడేలా. "ఇన్నాళ్ళు తప్పించుకున్నావు. తలుపేసినాక చెప్తాను నీ సంగతి."

అక్కమ్మ కొట్టం గుమ్మాన్ని రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్ళను అతడు ఒక్కొక్కటే విడదీశాడు.

అసలు ఆ నెల అక్కమ్మ తోటలో కాలే పెట్టలేదు.