దిండు మీద తకధిమి

రావమ్మ కాపాడిన మనిషి అందుకు తగినవాడు కాదు. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయిని లోపలికి రమ్మనకముందే వెంకటప్పయ్య ఈ మాట చెప్పేశాడు.

"నేనింకా ఏమీ అడగలేదండి," అంది గౌసియా.

"అడుగుతావు. మీ ఆఫీసు నుంచి ఇంతకుముందు వచ్చినాయనా అదే అడిగాడు. రా, కూర్చో. దాహమైతే కుండ ఆ మూల ఉంది, నువ్వే ముంచుకో. నేను వంగను."

గౌసియా నీళ్ళు ముంచుకుంది. గవర్నర్‌పేట నుంచి కొండపల్లి దాకా బస్సులో నిలబడే వచ్చింది. ఆమెది ప్రకటనలు తయారుచేసే ఆఫీసు. ఒక వంటనూనె కంపెనీ కోసం వాళ్ళు ఫోనులో ఆడే ఆట ఒకటి చేశారు. ఫోను దిండు మీద పెట్టి, రెండు చేతులతో నొక్కుతూ ఉండాలి. లోపలినుంచి కూచిపూడి నట్టువాంగం తకధిమి తకధిమి అని వినిపిస్తుంది. తాళం తప్పకుండా, లోతు తగ్గకుండా నొక్కినవాళ్ళకు నూనె ప్యాకెట్టు ఉచితం. గుండె ఆగిన మనిషి రొమ్మును నొక్కాల్సింది కూడా సరిగ్గా అలాగేనని ఆట చివర ఒక డాక్టరు చెబుతాడు.

వెంకటప్పయ్య భార్య రావమ్మ నూనె కోసమే ఆ ఆట మొదలుపెట్టింది. అటక మీద ఇంకా ప్యాకెట్లు ఉన్నాయి. అవి పంపిన చిరునామా పట్టుకునే గౌసియా వచ్చింది.

వెంకటప్పయ్య ఒళ్ళో ఒక దిండు ఉంది. దాని నడుమ గుంట పడింది.

"ఈ దిండేనా అండి?"

"ఇదే. పొద్దస్తమానం దీన్నే నొక్కేది. పొయ్యి మీద పప్పు మాడేది. మేం డాన్సు బడి పెట్టామనుకున్నారు వీధిలోవాళ్ళు."

గౌసియా తన ఫోనులో వీడియో పెట్టింది. బస్సులో ఎవరో తీసింది. సీట్ల మధ్య ఒక మనిషి వెల్లకిలా పడి ఉన్నాడు. కాళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. అతని మీదికి వంగిన రావమ్మ వీపు కనిపిస్తోంది. జుట్టుముడి ఊడిపోయింది. గట్టిగా తకధిమి అంటూ నొక్కుతోంది. అమ్మవారు పూనిందనుకుని ఒకావిడ ఆమె నుదుట కుంకుమ పెట్టింది. వెనక సీటులోంచి ఇంకొకావిడ, "మా పిల్లకి సంబంధం ఎప్పుడు కుదురుద్ది తల్లీ?" అని అడిగింది.

"ముందు బస్సు ఆసుపత్రికి తిప్పమను," అంది రావమ్మ, నొక్కడం ఆపకుండా.

తల్లి ఆజ్ఞ అన్నారు అందరూ. డ్రైవరు తిప్పాడు.

వెంకటప్పయ్య వీడియో చూడలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఆ రోజు మీరు బస్సులో లేరా అండి?"

"ఉన్నాను. నేను చేసిందేమీ లేదు. అంతా ఆవిడే."

గౌసియా ఫోను పక్కన పెట్టింది. "నూనె కంపెనీవాళ్ళు ఈ నెలాఖరుకి ఆట తీసేస్తామంటున్నారండి. దీనివల్ల ఎవరన్నా బతికారా అని అడుగుతున్నారు. బతికినాయన ఒక్క మాట చెబితే ఉంచుతారు. ఆసుపత్రివాళ్ళు పేరు చెప్పట్లేదు. మీకు తెలుసా అండి?"

"తెలుసు."

"ఎవరండి?"

"ఊళ్ళోవాడే. మొండివాడు. కళ్ళు తెరవగానే ఏమన్నాడో తెలుసా? ఎడమ పక్కటెముక విరగ్గొట్టిందన్నాడు."

"సరిగ్గా నొక్కితే ఒక్కోసారి విరుగుతాయండి."

"డాక్టరూ అదే చెప్పాడు. వాడు వినలేదు. మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఆవిణ్ణి తిట్టాడు."

"ఒక దండమన్నా పెట్టలేదా?"

"వాడా?"

వెంకటప్పయ్యకు దగ్గు రాబోయింది. పెదవులు బిగించి ఆపుకున్నాడు.

"నువ్వూ నేర్చుకో అని ఆవిడ వాడికి ఎన్నిసార్లో చెప్పింది. అరుగు మీద కూర్చోబెట్టి ఈ దిండు ముందు పెట్టింది. మగవాణ్ణి, నాకెందుకు తకధిమి అన్నాడు. మొన్న వానల్లో ఆవిడ పంపు దగ్గర పడిపోయింది. వాడు పక్కనే ఉన్నాడు. మొహాన నీళ్ళు చల్లాడు. అరికాళ్ళు రుద్దాడు. ఉల్లిపాయ కోసి వాసన చూపించాడు. రొమ్ము మీద చెయ్యి వెయ్యలేదు. ఎక్కడ వెయ్యాలో తెలిస్తే గదా."

గౌసియా ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "అడిగితే ఆయన వస్తాడంటారా?" అంది.

"రాడు. ఏ మొహం పెట్టుకుని వస్తాడు?"

"అయితే ఆట పోయినట్టేనండి. రేపు ఇంకో బస్సులో ఇంకెవరన్నా పడిపోతే..."

వెంకటప్పయ్య దిండులోని గుంటను అరచేత్తో సర్దాడు. అది సర్దుకోలేదు.

"పేరు లేకుండా వేస్తారా?"

"వేస్తామండి. మొహం కూడా అక్కర్లేదు. మాట చాలు."

"అయితే రాసుకో. ఆవిడ నేర్చుకుంది, నేను బతికాను. నేను నేర్చుకోలేదు, ఆవిడ పోయింది. అంతే. ముందూ వెనకా ఏమీ చేర్చొద్దు."

గౌసియా ఫోనులో రాసుకుంది. రాసింది రెండోసారి చదువుకుంది.

"ఇది ఆయన మాటేనా అండి?"

"వాడి మాటే. నోరు విప్పి అనడు. నేను చెబుతున్నాను."

"తర్వాత కాదంటే?"

"అనడు. వాడి సంగతి నేను చూసుకుంటాను."

గౌసియా లేచి బ్యాగు భుజాన వేసుకుంది. "ఆయన కనిపిస్తే మా ఆఫీసు తరఫున నమస్కారం చెప్పండి."

"చెప్పను. వాడి ఊసు ఇంక నా దగ్గర ఎత్తొద్దు. మీ ఆఫీసు నుంచి ఎవరొచ్చినా ఎత్తొద్దు. చెప్పాల్సింది చెప్పాను. చచ్చేదాకా మళ్ళీ మాట్లాడను."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, వెంకటప్పయ్య దిండును రొమ్ముకు అదుముకుని అప్పుడు దగ్గాడు.

రావమ్మ విరగ్గొట్టిన ఎముక అతనికింకా సరిగ్గా అతకలేదు.