పదమూడో ఫొటో

సిద్దిపేటలో పింఛన్ల వెబ్‌సైటు చూసుకునే శైలేందర్ ముందు లిడియా ఫోన్ పెట్టింది. చూపు లేని ఆమెకు తెరమీది మాటలు ఆ ఫోనే చదివి వినిపిస్తుంది. దరఖాస్తుకు రేపే ఆఖరు రోజు.

"దరఖాస్తు ఏడుందో చెప్తలేదు సార్. ఫొటో, ఫొటో అనుడే."

"గందుకే పైనున్న పన్నెండు మంది పెద్దసార్ల ఫొటోలకు పేర్లు, పదవులు ఇయ్యాలనే రాయించిన. ఇనమ్మా."

ఫోన్ అందరి పేర్లూ చదివింది. దరఖాస్తు దాకా వచ్చేలోపే "సమయం ముగిసింది" అని మళ్లీ మొదటికి వచ్చింది.

"దరఖాస్తు పైన పెట్టున్రి సార్."

"పెద్దసార్ల నెత్తిమీదనా? నా నౌకరి పోతది. జర ఇటు తిరిగి నవ్వమ్మా, ఫొటో తీసి రిపోర్టుల పెట్టాలె."

మర్నాడు ఫోన్ పన్నెండు మందినీ దాటింది.

"పదమూడో ఫొటో. మా వెబ్‌సైటు ద్వారా లబ్ధి పొంది, చిరునవ్వు నవ్వుతున్న లిడియా. సమయం ముగిసింది."