పెద్ద పడవా, చిన్న పడవా

"తొందరగా తేల్చెయ్యాలి బావా," అన్నాడు రాజబాబు. "మూడింటికి ఇంకో పార్టీ వత్తన్నారు. ఈ రెంటిలో మీరు ఏదంటే అది మీది. రెండోది వాళ్ళకి చూపించేత్తాను."

త్రిమూర్తులు గడియారం చూసుకున్నాడు. ఆలోచించుకోవడానికి ఎక్కువ సమయం లేదు.

దుబాయ్‌లో పాత తెరచాప పడవలు వరసగా కట్టేసి ఉండే రేవు అది. రాజబాబు వాటిని అమ్మిపెట్టే కంపెనీలో పనిచేస్తాడు. తాళాల గుత్తి ఎప్పుడూ అతని నడుముకే ఉంటుంది. ఊరు కాకినాడ. త్రిమూర్తులు, విజయదుర్గ దంపతులది ఆ పక్కనే తాళ్ళరేవు. ఆ సంగతి తెలిశాక వరసలు కలపకుండా ఉండడం రాజబాబు వల్ల కాలేదు. విజయదుర్గ అక్క అయింది, త్రిమూర్తులు బావ అయిపోయాడు.

బావగారు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వచ్చాడు. అక్కగారు నెమలికంఠం రంగు చీర కట్టుకుని, డేరా బజారులో కొన్న మల్లెపూలు తల్లో పెట్టుకుంది. గేటు దగ్గర కాపలావాడు సెల్యూట్ కొట్టాడు. పడవలు కొనేవాళ్ళంటే ఆ మాత్రం దర్జా ఉండాలి మరి.

పోయిన నెల చూసిన పడవ వాళ్ళకి అచ్చిరాలేదు. లోపలంతా డీజిలు కంపు. విజయదుర్గకి తలనొప్పి పట్టుకుని మధ్యలోనే లేచి వచ్చేశారు. రోజంతా పాడు చేశానని త్రిమూర్తులు నెల పొడుగునా తనని తాను తిట్టుకున్నాడు. ఈసారి కూడా తప్పుడు పడవ ఎంచుకుంటే ఆమె మొహం చూడలేడు.

ముందు పెద్దది ఎక్కారు. నలభై రెండడుగుల పొడుగు.

"ఇది ఫ్రాన్సులో చేసిందండి," అన్నాడు రాజబాబు గొంతు పెంచి. "తెరచాపలు కొత్తవి. ఇంజిను మొన్ననే విప్పి బాగుచేశారు."

గట్టు మీద తిరుగుతున్న కాపలావాడు దూరంగా వెళ్ళాక గొంతు తగ్గించి, "ఏసీ కూడా పనిచేత్తాది బావా," అన్నాడు.

త్రిమూర్తులు తెరచాపల వంక చూడనే లేదు. లోపలికి దిగి నిటారుగా నిలబడ్డాడు. తల పైకప్పుకి తగల్లేదు. ఏసీ గాలికి చొక్కా పై గుండీ విప్పుకుని, ఇంకేం కావాలన్నట్టు భార్యని చూశాడు.

విజయదుర్గ పరుపు నొక్కి చూసింది. దుప్పటి వాసన చూసింది. ఆ తర్వాత ఆమె చూపు కిటికీల మీద పడింది.

"చుట్టూ అద్దాలేనండి. గట్టు మీద పోయేవోళ్ళు తొంగి చూత్తారు."

"తెరలున్నాయి కదే."

"ఆ తెరలూ అద్దాల్లాగే ఉన్నాయి. పైగా రెండు గదులు. రెండెందుకు మనకి? మీకొకటీ నాకొకటీనా?"

త్రిమూర్తులు విప్పిన గుండీ మళ్ళీ పెట్టుకుని బయటికి నడిచాడు.

చిన్నది ఇరవై ఎనిమిదడుగులు. దిగుతూనే త్రిమూర్తులు నుదురు చెక్కకి ఠంగున కొట్టుకుంది. ఏసీ లేదు, మూలన బుల్లి ఫ్యాను ఉంది. ఒకటే గది, ఒకటే పరుపు. గోడకి అరచేతంత గుండ్రటి కిటికీ, దానికీ ఒక మూత. విజయదుర్గ తలుపు మూసి, లోపలి గడియ వేసి, లాగి చూసింది. గట్టిదే. ఆమె మొహం విప్పారింది.

"ఇదేనండి," అంది గడియ తీస్తూ.

"ఉక్కపోత్తాది దుర్గా."

"పొయ్యనివ్వండి."

బయట నిలబడ్డ రాజబాబు తల లోపలికి పెట్టాడు. "ఇంజిను చూత్తారా?"

"ఎందుకు?" అన్నారిద్దరూ ఒకేసారి.

త్రిమూర్తులు అడుగు తీసి అడుగు వేశాడు. పడవ అటూ ఇటూ ఊగింది. అతని వాదనకి పట్టు దొరికింది.

"చూశావా ఎలా ఊగుతుందో. పెద్దదైతే ఇంచు కదల్లేదు."

విజయదుర్గకి అది నిజంగానే భయం పుట్టించింది. "ఊగితే గట్టు మీద వోళ్ళకి తెలిసిపోద్దా తమ్ముడూ?"

"ఈ గాలికి రేవులో పడవలన్నీ ఊగుతానే ఉంటాయక్కా. ఎవడికి పట్టింది. అయినా ఇంకో రెండు తాళ్ళు వేసి బిగించి కడతాను."

అంతలో గేటు దగ్గర టోపీలు పెట్టుకున్న తెల్లవాళ్ళు ఇద్దరు కనిపించారు. రాజబాబు కంగారు పడ్డాడు.

"ముందే వచ్చేశారు. మా ముదీర్, అదే మేనేజరు, ఎనకాలే వత్తాడేమో. చెప్పు బావా, యల్లా, తొరగా."

త్రిమూర్తులు పెద్ద పడవలోని ఏసీని ఒక్కసారి మనసులో తల్చుకున్నాడు. భార్య వైపు చూశాడు. ఆమె అప్పుడే కిటికీ మూత బిగించేసి, జారిపోతున్న పూలు సర్దుకుంటోంది.

"చిన్నదే," అన్నాడు. "ఖలాస్."

రాజబాబు చకచకా తాళ్ళు బిగించాడు. గుత్తిలోంచి తాళంచెవి ఒకటి తీసి బావ చేతిలో పెట్టి, పెద్ద పడవ చూపించడానికి తెల్లవాళ్ళకి ఎదురు పరిగెత్తాడు. త్రిమూర్తులు హుషారుగా లోపలికి దిగుతూ మళ్ళీ నుదురు కొట్టుకున్నాడు. ఈసారి నొప్పి తెలియలేదు. విజయదుర్గ పకపకా నవ్వి గడియ వేసింది.

చీకటి పడకముందే ఆ తాళంచెవి రాజబాబుకి తిరిగిచ్చేసి, మళ్ళీ నెలకి విజయదుర్గకి సెలవు దొరికే ఆదివారం ఇంకే పడవ ఖాళీగా ఉంటుందో కనుక్కుని, త్రిమూర్తులు ఎనిమిదిమంది పడుకునే లేబర్ క్యాంపు గదికీ, ఆమె తను వంటచేస్తూ ఉండే మేడం గారింటికీ చెరో బస్సు ఎక్కారు.