వద్దులెండి

"బ్రేకులు పడకపోతే ఏం గతి నాయనా?" అని తల్లి మళ్లీ అడిగేసరికి, స్టీరింగు ముందు కూర్చున్న కొడుక్కి తల కొట్టేసినట్టయింది.

"అమ్మకి రోడ్డు దాటాలన్నా భయమేనండీ."

"ఇలాంటి పెద్ద కారు ఎప్పుడూ ఎక్కి ఉండరులెండి పాపం," అన్నాడు పాత కార్ల వ్యాపారి. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమెకు ఒళ్లు మండింది.

అంతలో వ్యాపారికి ఇంటినుంచి ఫోను వచ్చింది. బడి వదిలేశారట, కూతుర్ని తీసుకురావాలట. "ఇప్పుడే వచ్చేస్తా బాబూ," అంటూ ఆయన మూలనున్న తన చిన్న కారు వైపు నడిచాడు.

"అదెందుకండీ? ఇందులోనే వెళ్దాం. మావాడు నడిపి చూసినట్టూ ఉంటుంది," అంది తల్లి.

"వద్దులెండి."

"ఏం?"

"పిల్ల ఎక్కుతుంది కదమ్మా," అనేసి, వ్యాపారి నాలిక కరుచుకున్నాడు.

కొడుకు స్టీరింగు వదిలేసి, మెల్లగా కారు దిగాడు. తల్లి మొహంలోకి చూడలేకపోయాడు.

నా పిల్లాడు పిల్లాడు కాదా అని అడగబోయింది ఆమె. ఇలాంటివాడికి ఆ మాట కూడా దండగే అనిపించింది.

"వెళ్లండి," అంది. "మీ పిల్ల ఎదురుచూస్తుంటుంది."