ఐదు నెలల వాన

“మళ్ళీ చెప్పు. బర్మాలో వానలు ఎప్పుడు పట్టుకుంటాయి?” అన్నాడు శ్రీరామ్మూర్తి పంతులు.

“వైశాఖం ఆఖర్న. ఐదు నెలలు ఇడవకుండా కురుత్తాది.”

“మన విశాఖపట్నంతో పోలిస్తే?”

“ఇక్కడికి రెండింతల పైనే,” అన్నాడు గవర్రాజు. “కానీ పంతులుగారూ, నాను సెప్పేదేటంటే...”

“నువ్వేం చెప్పకు! పోయినసారి బర్మాలో వానే ఉండదన్నావట. ఆఫీసరు పగలబడి నవ్వి కాగితం విసిరికొట్టాడు కదా. బర్మా అంటేనే వానలని బళ్ళో పిల్లలకి కూడా తెలుసయ్యా!”

బర్మా నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళకు సర్కారు ఇళ్ళస్థలాలు ఇస్తోంది. ఆధారాలు లేనివాళ్ళను అక్కడి సంగతులు అడిగి తేలుస్తున్నారు. గవర్రాజుకు ఇవాళ్టిదే ఆఖరి విచారణ. ఇదీ పోతే భార్య చిట్టెమ్మా, నలుగురు పిల్లలూ రోడ్డున పడతారు. వన్ టౌన్‌లో వాళ్ళ గుడిసెను ఎల్లుండి పీకేస్తారట. పంతులు భూగోళం చెప్పి రిటైరైన మనిషి. అబద్ధం నేర్పడం తప్పని తెలిసినా, పిల్లల మొహం చూసి వారం నుంచి వల్లె వేయిస్తున్నాడు.

విచారణకు ఈసారి కొత్త ఆఫీసరు వచ్చాడు.

“బర్మాలో ఏ ఊరు?”

“ఏనన్‌జాంగ్ బాబూ. నూనె బావుల ఊరు.”

“అక్కడ వానలెలా ఉంటాయి?”

గవర్రాజు కళ్ళు మూసుకుని, నేర్చుకున్నదంతా చిలకలా అప్పగించేశాడు.

ఆఫీసరు కలం కింద పెట్టాడు. “మా నాన్న అక్కడే ఉద్యోగం చేశారు. నాకు పదేళ్ళొచ్చేదాకా ఆ ఊళ్ళోనే పెరిగాను. దేశమంతా వానలే గానీ, ఆ ఊరు మాత్రం ఎండు నేల. ఇక్కడ పడేపాటి వాన కూడా పడదు. అక్కడివాడికి ఆమాత్రం తెలీదా?”

“బాబూ, అదికాదు...”

“దొంగ కాందిశీకులతో చస్తున్నాం. ఇంక వెళ్ళు!” అని పేరు కొట్టేశాడు.

బయట కాచుకుని ఉన్న పంతులు సంగతంతా విని నెత్తి కొట్టుకున్నాడు. గవర్రాజు మెట్ల మీద కూలబడ్డాడు. చిట్టెమ్మకు ఏం చెప్పాలో తోచక ఏడుపొచ్చింది.

“రంగూను అంటే సరిపోయేది కదయ్యా! ఎక్కడో మారుమూల ఊరు. దాని పేరు అసలు నీకెవరు చెప్పారు?” అన్నాడు పంతులు.

“నాను పుట్టిందక్కడే, పంతులుగారూ.”