చలపతిగారి ఓడ సందేహాలు

“ఓడ ఊగితే వాంతులవుతాయంటారే, నిజమేనా అప్పా?” వేంకటాచలపతి ఆ ప్రశ్న అడగడం అది మూడోసారి.

ట్రావెల్స్ ధనశేఖర్ నవ్వు ఆపుకున్నాడు. తిరుపతి బస్టాండు ఎదురుగా ఆఫీసు పెట్టినప్పటినుంచి ఎంతోమంది పిరికివాళ్లను చూశాడు గానీ ఇంత వివరంగా భయపడే మనిషిని చూడలేదు. చలపతి పక్కన ఆయన భార్య కల్యాణవల్లి, ఒళ్లో హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో పట్టుకుని బిగుసుకుని కూర్చుంది.

“ఘాట్ రోడ్డు బస్సెక్కితేనే మూడో మలుపుకు కడుపులో తిప్పేస్తాది. నిమ్మకాయ వాసన చూస్తా కూర్చోవాల” అన్నాడు చలపతి.

“ఓడ అట్లా మలుపులు తిరగదు సార్. అందరూ పై అంతస్తులో రూము కావాలంటారు, ఊగేది ఆడే ఎక్కువ. ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకోండి. అంతగా ఉంటే డాక్టరునడిగి మాత్రలు పెట్టుకోండి.”

“మధ్యలో, కింద” అంది కల్యాణవల్లి మెల్లగా. “ఈయన కోసం అట్లే చూడు ధనశేఖర్.”

ఆమె బాలికల హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసింది. భూమి గుండ్రంగా ఉంది అనడానికి రుజువేమిటంటే, దూరం నుంచి వచ్చే ఓడకు ముందు స్తంభం పైకొన కనిపిస్తుంది, తర్వాతే ఒళ్లు కనిపిస్తుంది అని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది. ఆ చెప్పింది ఒక్కసారి కళ్లారా చూడాలని ఆమె కోరిక. పిల్లల్ని ఎక్స్‌కర్షనుకు మెరీనా బీచికి తీసుకుపోయినప్పుడల్లా మాత్రం ఇసుకలోనే నిలబడి వాళ్ల చెప్పులకు కాపలా కాసింది. పద్ధతైన మనిషి. కొండకు కూడా ఎప్పుడూ మెట్లదారినే పోయేది. మోకాళ్లు పట్టేశాక ఈ ఏడాది అసలు పోనేలేదు. మెట్లెక్కి వస్తానని మొక్కుకుని బస్సులో పోతే స్వామి ఏమనుకుంటాడు అంటుంది.

ఓడ ప్రయాణం రెండేళ్లుగా ఈ ఆఫీసు దాకా వచ్చి ఆగిపోతోంది. రెండుసార్లూ ఆమే ఫోన్ చేసి, మా ఆయనకు పడదప్పా అని చెప్పింది. చెన్నైలో ఎక్కించుకుని విశాఖ, పుదుచ్చేరి చూపించి మళ్లీ చెన్నైలో దించే ఓడ అది. ఈ సీజనుకు ఇదే ఆఖరి ట్రిప్పు. వచ్చే ఏటికి ఆ మోకాళ్లు ఎట్లా ఉంటాయో ఎవరికి తెలుసు?

“పాస్‌పోర్టు లేదే మాకు” అన్నాడు చలపతి.

“మన దేశంలోనే తిరిగే ఓడ సార్. ఆధార్ చాలు.”

“రూము ఒక్కరోజుకే ఇస్తారా? ఖాళీ చెయ్యమంటే నడిసముద్రంలో యాడికి పోయేది? భోజనానికి టోకెన్లు యాడ తీసుకోవాల?”

కల్యాణవల్లి ఫక్కున నవ్వింది. “అది కొండ కాదండీ, ఓడ!”

“దిగేదాకా ఆ రూము మీదే సార్. లైనూ లేదు, టోకెనూ లేదు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా కావాలంటే బుక్ చేసేటప్పుడే చెప్పాల. అన్నీ ఫ్రీ అనుకోబాకండి, ఇంటర్నెట్టుకు వేరేగా కట్టాల.”

“ఈత రాకుంటే ఎక్కనీరంటనే?”

“ఈతొచ్చినోడు మాత్రం సముద్రమంతా ఈదుతాడా సార్? లైఫ్ జాకెట్ ఎట్లా వేసుకోవాలో ముందే నేర్పిస్తారు.”

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఇక్కడ చెప్పేవాడే అలిసిపోతున్నాడు. కల్యాణవల్లి ఒక్కో జవాబూ తలూపుతూ వింది. ఆమె చేతుల్లో బ్యాగు కాస్త వదులైంది.

“ఇంకొక్కటి అప్పా” చలపతి గొంతు తగ్గించాడు. “గట్టు కనపడకుండా పోయి, నాలుగు పక్కలా నీళ్లే ఉంటే... ఊపిరాడదేమో.”

ధనశేఖర్ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టాడు. కల్యాణవల్లి బ్యాగు మళ్లీ బిగించి పట్టుకుని లేచింది.

“మీకింత కష్టమైతే వద్దులెండి. ఈసారికీ మానుకుందాం.”

చలపతి కదల్లేదు. ధనశేఖర్ ముఖం వైపే చూస్తున్నాడు.

“మా పెద్దమ్మ కుప్పమ్మను ఈ ఓడలోనే తీసుకుపోయినా సార్, బంగారుపాళ్యం నుంచి” అన్నాడు ధనశేఖర్. “మామిడితోట దాటి యాడికీ పోని మనిషి. మొదట్లో నా చెయ్యి వదల్లేదు. ఆనక ఓడ అంచున కటకటాల కాడ నిలబడి, అన్నానికి పిలిచినా రాలేదు. పక్కన మనదనే మనిషి ఉంటే చాలు సార్. అంతకుమించి నాకు తెలీదు.”

కల్యాణవల్లి మళ్లీ కూర్చుంది. మొగుడి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ధనశేఖర్ ఉన్నాడని కూడా చూడలేదు.

“నేను పక్కనుంటా గదండీ. ఈ చెయ్యి వదలను. గట్టు కనపడకుండా పోయేది చూడాలనే గదా నేను పోతా ఉండేది! ముందు మేడల కాళ్లు మునిగిపోతాయి, ఆనక తలలు. మీకు నేను చూపిస్తా.” కళ్లు తుడుచుకుని ధనశేఖర్ వైపు తిరిగింది. “బుక్ చెయ్యప్పా. ఇంక ఈయన ఏమన్నా వినబాక.”

టికెట్లు చేతికి రాకముందే ఫోన్ తీసుకుని బయటికి నడిచింది. అద్దం తలుపు అవతల కూతురితో మాట్లాడుతున్న ఆమె గొంతు లోపలికి వినిపిస్తూనే ఉంది.

“అవునే శ్రీహితా, పోతా ఉండాం! మీ నాయనకు ధైర్యం చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.”

ధనశేఖర్ కంప్యూటర్లో పేర్లు కొడుతూ మాటవరసకు అడిగాడు. “సార్ యాడ పని చేసినారు?”

“కొండ మీద, దేవస్థానం ఆఫీసులో. ముప్పై ఏళ్లు.”

“కాపురం ఆడేనా?”

“లేదప్పా, ఈడే. పొద్దున బస్సులో ఎక్కేది, సాయంత్రం బస్సులో దిగేది.”

ధనశేఖర్ వేళ్లు ఆగిపోయాయి. “ముప్పై ఏళ్లు రోజూ ఘాట్ రోడ్డులో తిరిగినారా? మరి ఆ వాంతులు, నిమ్మకాయ...”

చలపతి తలుపు వైపు ఒకసారి చూసి, ముందుకు వంగాడు.

“అవన్నీ ఆమె భయాలప్పా.”