పసుపు రేకు మీద మచ్చ

"అవి కళ్లా, గోలీకాయలా?" బావ బొమ్మల కట్టను బల్ల మీద పడేశాడు. తోటల పుస్తకం కోసం అచ్చు గీతల్లో మరదలు చేత్తో రంగులు నింపిన పువ్వులవి. ప్రతి పువ్వుకీ పసుపు రేకు మీద గోధుమరంగు మచ్చ ఉంది.

"నమూనా బొమ్మలో ఉన్నదే వేశాను బావా."

"అది నేను తుమ్మితే పడిన ముక్కుపొడే! దానిక్కూడా రంగేస్తావా?"

"బుర్ర వాడకుండా ఉన్నది ఉన్నట్టు దించమన్నావు. వాడలేదు."

"ఇక కుంచె ముట్టుకున్నావో, చూడు! వెళ్లి రంగు గిన్నెలు కడుక్కో."

అంతలో పుస్తకం రాసిన పండితుడు వచ్చాడు. బావ దాచేలోపే ఒక బొమ్మ అందుకుని కళ్లద్దాల దగ్గర పెట్టుకున్నాడు.

"ఆహా! ఈ మచ్చను పట్టిన చెయ్యి ఎవరిది?"

"మా మరదలిదండీ. నేనే నేర్పాను," అన్నాడు బావ.

మరదలు పండితుణ్ణి ఎగాదిగా చూసింది. "అయ్యగారూ, ఈ మచ్చ పొద్దునా ఇలాగే ఉంటుందాండీ?"

"నా తోటలో రోజూ చూస్తున్నాగా! పొద్దున లేతగా ఉండి, ఎండెక్కేకొద్దీ ముదురుతుంది," అన్నాడు పండితుడు తడుముకోకుండా.

ఈయన ఆ పువ్వు మొహమే చూడలేదని ఆమెకు అర్థమైంది. బావకూ అర్థమైంది. కుంచెను ఆమె ముందుకు జరిపాడు.

ఆమె అందుకోలేదు. గొంతు తగ్గించి అంది: "ముందు కుర్చీ వేసి, ఈయన చూడని పువ్వులు ఇంకా ఏమున్నాయో కనుక్కో బావా. వాటికి నా ఇష్టమొచ్చిన రంగేస్తాను."